హైదరాబాద్–డాలస్: అసలు దూరం ఎంత, గాలిలో గడిపేది ఎన్ని గంటలు?

కరీంనగర్_ఆడపడుచు

అందరికీ నమస్కారం. అమ్మానాన్నలను ఫిబ్రవరిలో డాలస్ రప్పించుకుంటున్నాను. ఇద్దరికీ ఇదే మొదటి విమాన ప్రయాణం. నాన్నగారికి డెబ్బై దాటాయి, షుగర్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. "మొత్తం ఎన్ని గంటలు కూర్చోవాలమ్మా?" అని నాన్నగారు అడుగుతున్నారు. ఆయనకు సరైన లెక్క చెప్పాలని వెతకడం మొదలుపెడితే ఒక్కో చోట ఒక్కో అంకె కనిపిస్తోంది. శంషాబాద్ నుంచి డాలస్‌కు దూరం ఒక చోట 8,959 అని ఉంది, ఇంకో చోట 7,785. మరో చోట 14,400 అని రాశారు. సమయం సంగతీ అంతే. ఒక వెబ్‌సైట్ 17 గంటలంటోంది, నేను చూసిన టికెట్ మీద 23 గంటలకు పైనే ఉంది. వీటిలో దేన్ని నమ్మాలి? దోహా, దుబాయ్, లండన్‌లలో పెద్దవాళ్లకు ఏ దారి సులువు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

భూగోళం_మాస్టారు

అమ్మా, ముందు దూరం సంగతి తేల్చేద్దాం. మీకు కనిపించిన మూడు అంకెలూ నిజమైనవే, కొలమానాలు వేరు. 8,959 మామూలు మైళ్లు, మైలుకు 1.609 కిలోమీటర్లు. 7,785 నాటికల్ మైళ్లు, నాటికల్ మైలుకు 1.852 కిలోమీటర్లు. విమానయానంలో వాడేది ఈ రెండోదే. ఎలా గుణించినా వచ్చేది 14,400 కిలోమీటర్ల పైచిలుకే. ఇది భూమి ఉపరితలం మీద రెండు ఊళ్ల మధ్య ఉన్న అతి దగ్గరి దూరం.

ఈ 14,400 ఎంత దూరమో ఊహకు అందాలంటే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కిలోమీటర్లు. కాబట్టి లోకంలో ఏ రెండు విమానాశ్రయాల మధ్యనైనా అతి దగ్గరి దారి 20,000 కిలోమీటర్లకు మించదు. హైదరాబాద్, డాలస్ ఆ హద్దులో మూడు వంతులకు కాస్త తక్కువ దూరంలో ఉన్నాయి.

ఇంట్లో గ్లోబు ఉంటే దారం ఒకటి తీసుకుని శంషాబాద్ దగ్గర ఒక కొస, డాలస్ దగ్గర ఇంకో కొస పెట్టి బిగించి లాగండి. దారం అట్లాంటిక్ మీదుగానో, పసిఫిక్ మీదుగానో పోదు, నేరుగా ఉత్తరానికి పోతుంది. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా 175 డిగ్రీలకు పైనే. అంటే భూమికి ఒక వైపు మనం, దాదాపు సరిగ్గా వెనక వైపు వాళ్లు. అందుకే దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. లెక్క కట్టి చూశాను. ఆ గీత ఢిల్లీ మీదుగా వెళ్లి, కారకోరం పర్వతాల్లో కే2 శిఖరం చుట్టుపక్కల దాటి, కాష్గర్, కజకస్తాన్, రష్యాలో ఓమ్స్క్ నగరం దాపున సాగి, ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దూరంలో మలుపు తిరిగి, కెనడా, మిన్నెసోటా మీదుగా డాలస్‌కు దిగుతుంది. గోడకు వేలాడే పటంలో ఈ గీత కనపడదు. ఆ పటంలో ధ్రువ ప్రాంతాన్ని అడ్డంగా సాగదీసి గీస్తారు, అందుకే దగ్గరి దారి కూడా చుట్టుదారిలా అనిపిస్తుంది.

విశాఖ_తీరం

మాస్టారూ, ఢిల్లీ మీదుగా డాలస్ వెళ్తుందంటే ఆశ్చర్యంగా ఉంది! మరి మేము వెళ్లినప్పుడల్లా సీటు ముందు తెరమీద టర్కీ, ఐరోపా, గ్రీన్‌లాండ్ కనిపిస్తాయే? ఆ దగ్గరి దారిలో ఎవరూ ఎగరరా?

డిస్పాచ్_డెస్క్

ఎవరూ ఎగరరు. విమానాలకు దారి లెక్కలు వేసే పనిలో ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్నకు కాస్త ఓపిగ్గా జవాబిస్తాను.

మాస్టారుగారి గీత సరిగ్గా కారకోరం, హిమాలయాల మీదుగా పోతోంది. కే2 ఎత్తు 8,611 మీటర్లు. పది, పదకొండు వేల మీటర్ల ఎత్తున విమానం దాన్ని సులువుగా దాటుతుంది, అది ఇబ్బంది కాదు. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే మాత్రం విమానాన్ని వెంటనే మూడు వేల మీటర్ల దాకా దించాలి. ప్రయాణికుల తలల మీద వేలాడే ఆక్సిజన్ మాస్కులు పనిచేసేది కొద్ది నిమిషాలే. కిందంతా ఆరేడు వేల మీటర్ల కొండలుంటే ఎక్కడికని దిగుతారు? ఆ ప్రాంతం మీదుగా పోవాలంటే తప్పించుకునే దారులు ముందే గీసుకుని, అదనపు ఆక్సిజన్ ఉన్న విమానం వాడాలి.

ఆ తర్వాత రాజకీయం. పాకిస్తాన్ తన గగనతలాన్ని 2025 ఏప్రిల్ 24న భారతీయ విమానాలకు మూసింది. 2019లో కూడా ఫిబ్రవరి చివరి నుంచి జులై మధ్య దాకా మూసి ఉంచింది. 2022 నుంచి అమెరికా, ఐరోపా సంస్థల విమానాలకు రష్యా గగనతలం లేదు. 2022 ఫిబ్రవరి 24 నుంచి ఉక్రెయిన్ మీదుగా ఏ పౌర విమానమూ పోవడం లేదు. దోహా నుంచి డాలస్‌కు గ్లోబు మీద దారం లాగి చూడండి. అది సరిగ్గా ఉక్రెయిన్ మీదుగా, బెలారస్, నార్వే దాటి, ఐస్‌లాండ్ దక్షిణ భాగం మీదుగా పోతుంది. కాగితం మీద అది 12,740 కిలోమీటర్లు. ఉక్రెయిన్‌ను తప్పించడానికే కొంత దూరం పెరుగుతుంది.

మూడోది గాలి. దాని గురించి చాలా చెప్పాలి, మళ్లీ వస్తాను.

ప్లేనో_నాన్న

చెల్లెమ్మా, గగనతలాల సంగతి పెద్దలు చెబుతున్నారు. మీ నాన్నగారికి చెప్పాల్సిన లెక్క నేను రాస్తాను.

దోహా మీదుగా అయితే హైదరాబాద్ నుంచి దోహాకు సుమారు 2,900 కిలోమీటర్లు, నాలుగు గంటల పైచిలుకు. అక్కడి నుంచి డాలస్‌కు పదహారు గంటల పైన. దుబాయ్ మీదుగా అయితే మొదటిది 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటల లోపు. రెండోది 12,900 కిలోమీటర్లు, ఇదీ పదహారు గంటలే. లండన్ మీదుగా అయితే 7,750, 7,630. ఒక్కోటి పది గంటల చొప్పున ఉంటుంది.

టికెట్ మీద కనిపించే 23 గంటల లెక్క ఇదీ. ఉదాహరణకు ఉదయం 4 గంటలకు శంషాబాద్‌లో బయల్దేరారనుకోండి. 4 గంటల 15 నిమిషాల ప్రయాణం, అక్కడి సమయం ప్రకారం 5.45కు దోహాలో దిగుతారు. 8.30కు రెండో విమానం. 16 గంటల 15 నిమిషాల తర్వాత డాలస్‌లో దిగేసరికి అక్కడ అదే రోజు మధ్యాహ్నం 3.45. గాలిలో ఇరవైన్నర గంటలు, దోహాలో నిరీక్షణ రెండు ముప్పావు. కలిపితే 23 గంటల 15 నిమిషాలు. మీకు 17 గంటలు చూపిన వెబ్‌సైట్ నేరుగా ఎగిరే విమానం ఉందని ఊహించి దూరాన్ని వేగంతో భాగించింది, అంతే. ఆ విమానం లేదు కాబట్టి ఆ అంకెను పక్కన పెట్టేయండి.

దీనికి ఇంటి దగ్గరి లెక్క కూడా కలపండి. కరీంనగర్ నుంచి శంషాబాద్‌కు కారులో నాలుగు గంటలు, విమానానికి మూడు గంటల ముందు చేరాలి. డాలస్‌లో ఇమిగ్రేషన్, లగేజీ కలిపి గంటన్నర, రెండు గంటలు. ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి ముప్పై గంటల పైనే. పెద్దవాళ్లకు చెప్పాల్సింది ఈ అంకెను. 23 అని చెప్పి పంపితే పాతికో గంటకు వాళ్ల ఓపిక అయిపోతుంది.

కరీంనగర్_ఆడపడుచు

అన్నయ్యగారూ, చాలా ధన్యవాదాలు. ఈ లెక్కను నాన్నగారికి ఇలాగే చదివి వినిపిస్తాను. ఒక సందేహం. తిరుగు ప్రయాణంలో డాలస్–దోహా పద్నాలుగున్నర గంటలే అని ఉంది. అదే దూరం, అదే రకం విమానం. రెండు గంటలు ఎక్కడికి పోయాయి?

డిస్పాచ్_డెస్క్

గాలిలోకి పోయాయి. ఇదే చెబుదామని ఆగాను.

ఉత్తరార్ధగోళంలో తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తూ ఉంటుంది. గంటకు వంద నుంచి రెండు వందల కిలోమీటర్లు మామూలే, చలికాలంలో అంతకు మించుతుంది. విమానం తన చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ గాలే వెనక్కి నెడుతుంటే నేలతో పోల్చిన వేగం తగ్గుతుంది. ముందుకు నెడితే పెరుగుతుంది. సీటు ముందు తెర మీద 'గ్రౌండ్ స్పీడ్' అని చూపేది ఈ నేల వేగాన్నే. అమెరికా వైపు వెళ్తూ 780 చూస్తారు, వస్తూ 1,050 చూస్తారు.

వేసి చూడండి. చుట్టుతిరుగుడుతో కలిపి 13,000 కిలోమీటర్లు అనుకుందాం. సగటు వేగం 820 అయితే దాదాపు 15 గంటల 50 నిమిషాలు పడుతుంది. 920 అయితే 14 గంటల 10 నిమిషాలు. గంటకు వంద కిలోమీటర్ల తేడా గంటా నలభై నిమిషాలను మింగేసింది. మిగతాది రన్‌వే దాకా నడిచే సమయం. టికెట్ మీద వేసే సమయాన్ని మేము బ్లాక్ టైమ్ అంటాం. గేటు నుంచి కదిలిన క్షణం మొదలు, అటువైపు గేటు దగ్గర ఆగే దాకా అన్నమాట. గాలిలో ఉన్న సమయం అంతకన్నా అరగంట తక్కువ.

ఇంకో మాట. మేము వెతికేది దగ్గరి దారిని కాదు, తక్కువ సమయం, తక్కువ ఇంధనం పట్టే దారిని. ఎదురుగాలి బలంగా ఉన్న రోజున నాలుగైదు వందల కిలోమీటర్లు చుట్టు తిప్పడమే లాభం. అందుకే ఒకే నంబరు విమానం నిన్న గ్రీన్‌లాండ్ మీదుగా, ఇవాళ ఇంకా దక్షిణంగా పోతుంది.

భూగోళం_మాస్టారు

డిస్పాచ్ గారు చెప్పినదానికి మన దేశం నుంచే గొప్ప ఉదాహరణ ఉంది. ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానం మొదట్లో అట్లాంటిక్ మీదుగా పోయేది. సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దాన్ని పసిఫిక్ మీదుగా తిప్పారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది, సమయం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది! అప్పటికి ప్రపంచంలో ఆగకుండా అంత దూరం క్రమంగా ఎగిరే విమానం మరొకటి లేదు. 1,400 కిలోమీటర్లు ఎక్కువ ఎగిరి రెండు గంటల ముందు చేరారంటే గాలికి ఉన్న బలం ఎంతటిదో చూడండి. తరగతి గదిలో సాపేక్ష వేగం పాఠం చెప్పేటప్పుడు నేను ఈ విమానాన్నే బోర్డు మీద గీసేవాణ్ణి. నది, పడవ లెక్క వేసినప్పుడు నిద్రపోయే పిల్లలు కూడా దీనికి లేచి కూర్చునేవారు.

బెజవాడ_ప్రయాణికుడు

ఇంత చర్చ జరుగుతోంది కాబట్టి నా మనసులో ఉన్నది అడుగుతాను. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోలలో ఎంతమంది తెలుగువాళ్లు ఉన్నారో అందరికీ తెలుసు. వేసవి సెలవుల్లో హైదరాబాద్ విమానాల్లో సీటు దొరకదు. మా అమ్మలాంటి వాళ్లు చేతిలో పచ్చడి డబ్బా, మెడలో పాస్‌పోర్టు సంచి వేసుకుని, ఇంగ్లిష్ రాక, హిందీ రాక, దోహాలో గేటు వెతుక్కుంటూ తిరుగుతున్నారు. హైదరాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా విమానం వేయలేరా? అంత దూరం ఎగిరే విమానం లేదా?

డిస్పాచ్_డెస్క్

విమానం ఉంది. సింగపూర్–న్యూయార్క్ మధ్య దాదాపు 15,350 కిలోమీటర్లు రోజూ ఆగకుండా ఎగురుతున్నారు. హైదరాబాద్–డాలస్ కన్నా దాదాపు వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ. పెర్త్–లండన్ 14,500, అది 2018 మార్చిలో మొదలైంది. సిడ్నీ–లండన్ 17,000 కిలోమీటర్లకు క్వాంటాస్ ప్రత్యేకంగా ఎయిర్‌బస్ ఏ350 విమానాలు చేయించుకుంటోంది.

కానీ సింగపూర్ విమానంలో ఉన్న సీట్లు 161. వాటిలో 67 బిజినెస్, 94 ప్రీమియం ఎకానమీ. మామూలు ఎకానమీ సీటు ఒక్కటీ లేదు. కారణం ఇంధనం. పెద్ద విమానం గంటకు సుమారు ఏడు టన్నులు తాగుతుంది. దారిలో ఎద్దులు తినే గడ్డి కూడా ఆ ఎద్దులే లాగాలి కదా, ఇదీ అంతే. పదహారో గంటలో కాల్చాల్సిన ఇంధనాన్ని మొదటి గంట నుంచీ మోయాలి, మోయడానికే ఇంకొంత కాల్చాలి. దూరం పెరిగేకొద్దీ మనుషులనో సరుకునో తగ్గించక తప్పదు. ఆ తగ్గింపు భారం మిగిలిన టికెట్ల మీద పడుతుంది. సింగపూర్–న్యూయార్క్ మధ్య ఆ ధర ఇచ్చే వ్యాపారులు ఏడాది పొడవునా దొరుకుతారు. మన తల్లిదండ్రులు వెళ్లేది ఎకానమీలో, అదీ సెలవుల రోజుల్లో.

మనకూ ఒకసారి నేరు విమానం వచ్చింది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్–షికాగో మొదలుపెట్టింది. 13,280 కిలోమీటర్లు, బోయింగ్ 777-200 ఎల్ఆర్ విమానం. తర్వాత ఆగిపోయింది. ఒక దారి నిలబడాలంటే వారంలో అన్ని రోజులూ, రెండు దిక్కులా, ముందుండే బిజినెస్ క్యాబిన్ కూడా నిండాలి.

విశాఖ_తీరం

అదే జనవరి 2021లో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు తొలి నేరు విమానం మహిళా పైలట్లే నడిపి, ఉత్తర ధ్రువం మీదుగా తీసుకొచ్చారు. కెప్టెన్ జోయా అగర్వాల్ సారథ్యంలో నడిపిన ఆ బృందంలో కెప్టెన్ పాపగారి తన్మయి, కెప్టెన్ ఆకాంక్ష సోనావరే, కెప్టెన్ శివాని మన్హాస్ ఉన్నారు. రెండు ఊళ్ల మధ్య దగ్గరి దూరం దాదాపు 14,000 కిలోమీటర్లు. ఆ వార్త వచ్చిన రోజు మా అమ్మాయి పేపరు కత్తిరించి పుస్తకంలో అతికించుకుంది. డిస్పాచ్ గారూ, ధ్రువం మీదుగా ఎగరడంలో అసలు కష్టం ఏమిటి?

డిస్పాచ్_డెస్క్

చలి మొదటిది. విమానాల్లో వాడే జెట్ ఏ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. చలికాలంలో ఆర్కిటిక్ మీద బయటి గాలి మైనస్ 65, 70 కూడా ఉంటుంది. రెక్కల్లో ఉన్న ఇంధనం గంటల తరబడి నెమ్మదిగా చల్లబడుతూ వస్తుంది. కాక్‌పిట్‌లో ఆ ఉష్ణోగ్రత చూపే అంకె ఉంటుంది. అది గడ్డకట్టే హద్దుకు మూడు డిగ్రీల దూరంలోకి రాకుండా చూసుకోవాలి. దగ్గరపడుతుంటే కిందికి దిగి వెచ్చటి గాలి వెతుక్కుంటారు, లేదా వేగం పెంచుతారు. వేగం పెరిగితే రెక్క ఉపరితలం రాపిడికి వేడెక్కుతుంది.

రెండోది, భూమధ్యరేఖ మీద నిలిచి ఉండే సమాచార ఉపగ్రహాలు 82 డిగ్రీల అక్షాంశం దాటాక సరిగ్గా అందవు. అక్కడ హెచ్ఎఫ్ (షార్ట్‌వేవ్) రేడియో మీద ఆధారపడాలి. సూర్యుడి మీద తుఫాను రేగితే ఆ రేడియో కూడా మూగబోతుంది. అలాంటి రోజుల్లో ధ్రువపు దారి మానేసి కిందికి తిప్పుతాం. మూడోది, అత్యవసరంగా దిగడానికి విమానాశ్రయాలు. సైబీరియాలో, కెనడా ఉత్తరాన కొన్ని ఉన్నాయి. మూడు వందల మందిని మైనస్ నలభైలో దింపితే వాళ్లకు వెచ్చటి చోటు, తిండి, తిరిగి తీసుకొచ్చే ఏర్పాటు కూడా ముందే రాసి పెట్టుకోవాలి.

వార్డు_నర్సు

ఆడపడుచుగారూ, నేను ఆసుపత్రిలో నర్సును. నాన్నగారి విషయంలో కొన్ని మాటలు గట్టిగా చెప్పాలి.

ఇన్సులిన్‌ను చెక్-ఇన్ లగేజీలో వేయకండి. సామాను గదిలో గడ్డకడితే ఇక పనికిరాదు. చేతి సంచిలో ఉంచి, డాక్టరుగారి చీటీ జత చేయండి. పడమరకు వెళ్లేటప్పుడు రోజు సాగుతుంది. ఉదయం హైదరాబాద్‌లో బయల్దేరినవారికి ఆ తేదీ దాదాపు ముప్పై ఐదున్నర గంటలు ఉంటుంది. ఆ సాగిన రోజులో మోతాదు ఎప్పుడు, ఎంత అనేది ఆయన డాక్టరుగారు మాత్రమే చెప్పాలి. టికెట్ సమయాలు చేతికి రాగానే కాగితం మీద భారత కాలమానంలో మొత్తం రాసుకుని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లండి. నాన్నగారి గడియారాన్ని డాలస్ చేరేదాకా మార్చనివ్వకండి. దోహాలో ఒకసారి, విమానంలో ఒకసారి మారిస్తే మందుల లెక్క తప్పుతుంది.

నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కాళ్లలో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. పదహారు గంటల ప్రయాణానికి నడవా పక్క సీటు అడిగి తీసుకోండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మ లేచి నడవాలంటే పక్కవాళ్లను లేపే మొహమాటం ఉండకూడదు. మన పెద్దవాళ్లు టాయిలెట్‌కు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేస్తారు. క్యాబిన్‌లో గాలి చాలా పొడిగా ఉంటుంది, అలా చేయడం మంచిది కాదని ముందే చెప్పండి.

నా ఓటు లండన్ దారికే. పది గంటలు, పది గంటలు. మధ్యలో లేచి, నడిచి, మొహం కడుక్కుని మళ్లీ ఎక్కవచ్చు. దూరం కూడా దుబాయ్ దారి కన్నా కాస్త తక్కువే.

ప్లేనో_నాన్న

నర్సమ్మగారి మాటలో న్యాయం ఉంది. అయినా నాకు గల్ఫ్ దారే నయమనిపిస్తుంది. పది గంటల ప్రయాణంలో భోజనం, ఫలహారం, లైట్లు ఆర్పడం, వెలిగించడం పోగా నిద్రకు మిగిలేది నాలుగు గంటలు. అలాంటివి రెండు. పదహారు గంటల విమానంలో ఒకే విడతగా ఏడెనిమిది గంటలు పడుకోవచ్చు. హైదరాబాద్–దోహా విమానంలో సగంమంది తెలుగువాళ్లే ఉంటారు. అక్కడి నుంచి డాలస్ విమానంలోనూ పక్క వరుసలో మన మాట వినపడుతుంది. మొదటిసారి వచ్చే అమ్మకు పక్కన ఎవరైనా "ఎవరింటికి వెళ్తున్నారండీ?" అని అడిగితే చాలు, సగం భయం పోతుంది. శాకాహార భోజనం ముందే నమోదు చేస్తే రెండు విమానాల్లోనూ వస్తుంది.

వార్డు_నర్సు

ఆ మాట ఒప్పుకుంటాను. పక్కన తెలుగు మాట్లాడే మనిషి ఉండటం మందుతో సమానం. కానీ పదహారు గంటల్లో ప్రతి రెండు గంటలకూ లేచి నడుస్తామని అమ్మానాన్నల చేత మాట తీసుకోండి. ఆ షరతు మీద గల్ఫ్ దారికి నాకు అభ్యంతరం లేదు.

బెజవాడ_ప్రయాణికుడు

ఏ దారైనా సరే, రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండేలా చూసుకోండి. మా బాబాయికి డబ్బు కలిసి వస్తుందని రెండు వేర్వేరు టికెట్లు తీశారు. మొదటి విమానం రెండు గంటలు ఆలస్యమైంది. రెండో సంస్థ వాళ్లు తమకు సంబంధం లేదన్నారు, కొత్త టికెట్ కొనాల్సి వచ్చింది. ఒకే టికెట్ అయితే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్లదే, లగేజీ కూడా నేరుగా డాలస్‌లోనే దిగుతుంది.

అమెరికాలోనే ఇంకో ఊళ్లో మారే టికెట్లు చౌకగా కనిపిస్తాయి, పెద్దవాళ్లకు వద్దు. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ ముగించుకుని, సామాను తీసుకుని, మళ్లీ అప్పగించి ఇంకో విమానం ఎక్కాలి. దోహా, దుబాయ్, లండన్ నుంచి నేరుగా డాలస్ అయితే ఆ పని అంతా డాలస్‌లోనే అయిపోతుంది, తలుపు బయట మీరుంటారు.

భూగోళం_మాస్టారు

తేదీల దగ్గర జాగ్రత్త అమ్మా. ఫిబ్రవరిలో మనకూ డాలస్‌కూ తేడా పదకొండున్నర గంటలు. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు, అప్పటి నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా పదిన్నర గంటలు. వెళ్లేటప్పుడు బయల్దేరిన తేదీనే దిగుతారు. వచ్చేటప్పుడు శుక్రవారం సాయంత్రం డాలస్‌లో ఎక్కితే ఆదివారం తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగుతారు. మధ్యలో శనివారం దాదాపు మొత్తం గాలిలోనే కరిగిపోతుంది. శనివారం రాత్రి ఎవరినైనా కారు పంపమని చెప్పేటప్పుడు తేదీ కాక వారం పేరు చెప్పండి. అర్ధరాత్రి దాటిన విమానాల దగ్గర తేదీతో చాలామంది పొరబడతారు.

డిస్పాచ్_డెస్క్

గల్ఫ్ దారి ఎంచుకునేవారికి ఒక హెచ్చరిక. 2025 జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేసింది. దోహాకు వస్తున్న విమానాలు దారిలోనే వేరే ఊళ్లకు మళ్లాయి. అలాంటిది అరుదే. అయినా పెద్దవాళ్ల చేతి సంచిలో మూడు రోజుల మందులు, ఒక జత బట్టలు, మీ ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాసిన కాగితం ఉండాలి. బయల్దేరే వారం రోజుల ముందు నుంచి వార్తలు చూస్తూ ఉండండి.

నిరీక్షణ కూడా మరీ తక్కువ పెట్టుకోకండి. గంటన్నర ఉంటే చాలని టికెట్ ఇస్తారు, కానీ వీల్‌చైర్‌లో వెళ్లేవారిని అందరూ దిగాక చివర్లో దింపుతారు. రెండున్నర, మూడు గంటలుంటే మంచిది.

కరీంనగర్_ఆడపడుచు

అందరి మాటలూ నాన్నగారికి ఫోనులో చదివి వినిపించాను. గంటల లెక్క కన్నా గ్లోబు మీద దారం సంగతి ఆయనకు బాగా నచ్చింది. ఓమ్స్క్ ఎక్కడుందో వెతకమని మా తమ్ముణ్ణి కూర్చోబెట్టారట.

దోహా దారే ఖాయం చేశాం. ఒకే టికెట్, దోహాలో మూడు గంటలు, ఇద్దరికీ నడవా పక్క సీట్లు ముందూ వెనకా కాకుండా ఒకే వరుసలో అటూ ఇటూ. వీల్‌చైర్ టికెట్ కొనేటప్పుడే నమోదు చేశాను. ఎల్లుండి డాక్టరుగారి దగ్గరికి సమయాల కాగితం తీసుకెళ్తున్నారు. చివరి ప్రశ్న ఒక్కటి. వీల్‌చైర్ శంషాబాద్‌లో చెబితే సరిపోతుందా, దోహాలో మళ్లీ అడగాలా?

ప్లేనో_నాన్న

టికెట్‌లో నమోదైతే మూడు చోట్లా వస్తుంది. శంషాబాద్‌లో కౌంటర్ దగ్గర బోర్డింగ్ పాసులు ఇచ్చేటప్పుడు రెండు విమానాలకూ వీల్‌చైర్ ఉన్నట్టు చూసి చెప్పమనండి. దోహాలో విమానం తలుపు దగ్గరే కుర్చీ పట్టుకుని నిలబడతారు. అది వచ్చేదాకా అమ్మగారిని లోపలే కూర్చోమని చెప్పండి, జనంతో పాటు నడిచి బయటికి వస్తే కుర్చీ తెచ్చినవాళ్లకు ఆవిడ కనపడరు. డాలస్‌లో ఇమిగ్రేషన్ దగ్గర కూడా ఆ వీల్‌చైర్ మనిషే పక్కన ఉంటాడు. మీరు టెర్మినల్ డిలో బయటి తలుపు దగ్గర నిలబడండి.